ఆమిష్ పల్లెలో హత్యలు, మా పుస్తక బృందంలో తగాదా

ప్రశ్న: మేము ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. కొంతమంది తెలుగు ఆడవాళ్ళం కలిసి నెలకో పుస్తకం చదువుకుంటాం. ఈసారి ఎంపిక నా వంతు. చీజ్ కొనడానికో, శరదృతువులో ఆకుల రంగులు చూడటానికో అందరం ఆమిష్ వాళ్ళు (పాతకాలపు పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ సంఘం) ఎక్కువగా ఉండే హోమ్స్ కౌంటీ వెళ్తుంటాం కదా అని, వాళ్ళ మధ్య జరిగే మిస్టరీ నవల ఒకటి పెట్టాను. లిండా కాస్టిలో రాసిన 'స్వోర్న్ టు సైలెన్స్'. తీరా కలిసిన రోజు పెద్ద గొడవైంది. ఇద్దరు తెల్లవారేదాకా చదివామన్నారు. ఒకరు ఆ రక్తం తట్టుకోలేక యాభై పేజీలకే మూసేశారట. ఒక అక్క మాత్రం "శాంతంగా బతికే మనుషుల్ని తీసుకెళ్ళి హంతకుల పక్కన నిలబెట్టారు" అని బాగా నొచ్చుకున్నారు, వచ్చే నెల నుంచి రానంటున్నారు. "ఆమిష్ అనేది అట్ట మీద బొమ్మ కోసమే, లోపల మామూలు సీరియల్ కిల్లర్ కథే" అని ఇంకొకరు. పోలీసు చీఫ్ అయ్యుండి నేరం దాచిన మనిషిని ఎలా మెచ్చుకుంటాం అని మరొకరు. నేను తప్పు పుస్తకం పెట్టానా? వీళ్ళలో ఎవరి మాట సరైనది? పద్నాలుగేళ్ళ మా అమ్మాయి కూడా చదువుతానంటోంది. ఇవ్వమంటారా?
ఒక పాఠకురాలు, ఒహాయో

సమాధానం: మీరు పెట్టింది తప్పు పుస్తకమేమీ కాదు. కాకపోతే లోపల ఎంత హింస ఉందో ముందుగా ఒక మాట చెప్పి ఉండాల్సింది. అప్పుడు యాభై పేజీలకి మూసేసిన ఆవిడ అసలు మొదలుపెట్టేవారే కాదేమో. ఎవరి మాట సరైనదంటే, అందరూ చదివింది చదివినట్టే చెప్పారని నాకనిపిస్తోంది. ఈ నవలలో రెండు కథలున్నాయి. ఒకటి ఆమిష్ కుటుంబం లేకపోతే పుట్టని కథ. రెండోది అమెరికాలో ఏ చిన్న ఊళ్ళోనైనా జరిపించగలిగే కథ. మీ బృందంలో ఎవరికి ఏది గట్టిగా తగిలిందో వాళ్ళు దాని గురించే మాట్లాడారు.

చదవని వాళ్ళ కోసం కథ కొంచెం చెప్పాలి. హంతకుడెవరో చెప్పను. అయితే ముందు భాగంలోనే బయటపడే ఒక రహస్యం చెప్పకుండా ఈ చర్చ సాగదు. అది కూడా వద్దనుకునేవాళ్ళు నవల చదివాకే దీని దగ్గరికి రండి.

2009లో వచ్చిన పుస్తకం ఇది. ఒహాయో ఆమిష్ ప్రాంతంలో పెయింటర్స్ మిల్ అనే కల్పిత ఊరు. అక్కడి పోలీసు చీఫ్ కేట్ బర్క్‌హోల్డర్. ఆమిష్ ఇంట్లో పుట్టి పెరిగి, ఆ జీవితం వదిలి బయటికొచ్చిన మనిషి. చలికాలం, మంచు. ఒక అమ్మాయి శవం దొరుకుతుంది. కడుపు మీద రోమన్ అంకె చెక్కి ఉంటుంది. పదహారేళ్ళ కిందట ఇలాగే వరస హత్యలు చేసి ఉన్నట్టుండి మాయమైన హంతకుడి గుర్తు అది. వాడు తిరిగొచ్చాడని ఊరు వణికిపోతుంది. కేట్ మాత్రం వాడు చచ్చిపోయాడనే ఇన్నేళ్ళూ నమ్మింది. పద్నాలుగేళ్ళప్పుడు తన మీద అత్యాచారం చేసినవాణ్ణి తనే తుపాకీతో కాల్చింది కాబట్టి. తండ్రి పోలీసుల్ని పిలవలేదు. శవాన్ని దాచేసి, ఈ సంగతి ఇంకెప్పుడూ ఎత్తకూడదన్నాడు. ఇప్పుడు ఆ దాచిన సంగతిని మోసుకుంటూనే కేట్ ఈ కేసు పరిశోధించాలి.

నా మటుకు నాకు ఈ పుస్తకం విలువంతా ఆ ఇంటి మౌనంలోనే ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఆమిష్ వాళ్ళకీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న దూరం కొంత తెలియాలి. యూరప్‌లో 16వ శతాబ్దంలో పుట్టిన అనబాప్టిస్టు క్రైస్తవులు వీళ్ళ పూర్వీకులు. పసిపిల్లలకి కాదు, తెలిసి ఒప్పుకున్న పెద్దవాళ్ళకే బాప్తిస్మం ఇవ్వాలన్నందుకు ప్రభుత్వాలే వాళ్ళని నీళ్ళలో ముంచి, మంటల్లో కాల్చి చంపాయి. 1693లో జాకబ్ అమ్మన్ అనే సంఘ పెద్ద వెంట చీలిన శాఖ ఆమిష్ అయింది. ఆ అమరుల కథలన్నీ చేర్చి 1660లో అచ్చువేసిన లావుపాటి పుస్తకం ఇప్పటికీ ఎన్నో ఆమిష్ ఇళ్ళలో ఉంటుంది. ఆమిష్ వాళ్ళు మనిషి మీద ఆయుధం ఎత్తరు, సైన్యంలో చేరరు, కోర్టుకెక్కి దావా వేయరు. సాక్ష్యం చెప్పాల్సి వస్తే ప్రమాణం చేయరు, నిజమని ధ్రువీకరిస్తారు. అమెరికా చట్టం అందుకు ఒప్పుకుంటుంది. ఎవరైనా పెద్ద తప్పు చేస్తే సంఘం ముందు మోకాళ్ళ మీద ఒప్పుకోవాలి. తరచు ఆరు వారాలు వెలి ఉంటుంది. తర్వాత సంఘం క్షమించి మళ్ళీ చేర్చుకుంటుంది. క్షమించాక ఆ ఊసు మళ్ళీ తీయకూడదు.

ఈ క్షమ ఎంత గొప్పదో 2006 అక్టోబరు 2న ప్రపంచం చూసింది. పెన్సిల్వేనియాలో నికెల్ మైన్స్ అనే చోట ఒకే గది ఉన్న ఆమిష్ బడిలోకి ఒకడు తుపాకీతో దూరి పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు. అయిదుగురు చనిపోయారు. వాడు ఆమిష్ కాదు, ఆ చుట్టుపక్కల పాల ట్యాంకర్ నడిపేవాడు, కాల్చుకుని చచ్చిపోయాడు. ఆ రోజే కొందరు ఆమిష్ పెద్దలు వాడి భార్య, తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి తమకి కోపం లేదని చెప్పారు. వాడి అంత్యక్రియలకి బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు కూడా వెళ్ళారు. మీ అక్క మనసులో ఉన్నది ఈ ఆమిష్. ఆవిడ నొచ్చుకోవడంలో న్యాయం ఉంది.

కానీ అదే క్షమకి ఇంకో వైపు కూడా ఉంది. ఇంట్లోనే, సంఘంలోనే తమ మీద అఘాయిత్యం జరిగిన ఆడపిల్లల విషయంలో "వాడు ఒప్పుకున్నాడు, సంఘం క్షమించింది, నువ్వూ క్షమించు, ఇక మాట్లాడకు" అన్న ఒత్తిడి ఎలా పనిచేస్తుందో గత కొన్నేళ్ళలో బయటికొచ్చిన ఆమిష్ ఆడవాళ్ళే చెప్పారు. పత్రికలు రాశాయి, కేసులు నడిచాయి. క్షమించకపోతే పాపం తనదవుతుందేమోనన్న భయం ఆ పిల్ల నోరు కట్టేస్తుంది. కాస్టిలో కథ ఈ చోట నిజాన్ని తాకింది. పద్నాలుగేళ్ళ కేట్‌ని ఎవరూ "నీకేం కావాలి" అని అడగలేదు. ఆమె కథ చెప్పే అధ్యాయాలన్నీ "నేను" అంటూ, ఇప్పుడే జరుగుతున్నట్టు సాగుతాయి. ఇన్నాళ్ళు నోరు మూయించిన మనిషికి ఆ గొంతు ఇవ్వడం రచయిత్రి చేసిన మంచి పని. తెల్లవారేదాకా చదివిన ఇద్దరినీ కూర్చోబెట్టింది ఆ గొంతే అయ్యుంటుంది.

మీ అక్క తరఫున ఒక గట్టి వాదన కూడా ఉంది. బహుశా ఆవిడకీ తట్టి ఉండదు, మీరు చెప్పండి. శవాన్ని దాచిన తండ్రి చట్టాన్నే కాదు, తన సంఘం పద్ధతిని కూడా తప్పాడు. ఆమిష్ పద్ధతి ప్రకారం అయితే ఆ విషయం సంఘం ముందుకి రావాలి, ఒప్పుకోలు జరగాలి. ఆయన అదీ చేయలేదు. గుట్టు ఇంట్లోవాళ్ళ మధ్యే పాతేశాడు. అంటే అది ఆమిష్ విశ్వాసం చేయించిన పని కాదు, ఒక తండ్రి భయం చేయించిన పని. నవల ఈ తేడాని తగినంత స్పష్టంగా చూపించదు. ఆ లోటు వల్ల, బయటి పాఠకులు "వీళ్ళంతా ఇంతే, అన్నీ దాచేస్తారు" అనుకునే ప్రమాదం ఉంది. అది నిజం కాదు. 2011లో మీ ఒహాయోలోనే బెర్గోల్జ్ దగ్గర ఒక వేరుపడ్డ ఆమిష్ ముఠా ఇతర ఆమిష్ వాళ్ళ ఇళ్ళ మీద పడి మగవాళ్ళ గడ్డాలు, ఆడవాళ్ళ జుట్టు కత్తిరించింది. వాళ్ళకి గడ్డం, జుట్టు విశ్వాసానికి గుర్తు కాబట్టి అది మామూలు అవమానం కాదు. అప్పుడు దెబ్బ తిన్నవాళ్ళలో కొందరు పోలీసులకి చెప్పారు, కోర్టులో సాక్ష్యం చెప్పారు. 2012లో పదహారు మంది దోషులని కోర్టు తేల్చింది. ద్వేష నేరం కింద దోషులన్న తీర్పుల్ని 2014లో అప్పీలు కోర్టు కొట్టేసింది, అది వేరే సంగతి. ఆమిష్ వాళ్ళు నోరు విప్పరన్నది అన్నివేళలా నిజం కాదని ఆ కేసు చూపించింది.

ఒక మాట చెప్పనా? ఈ పుస్తకం మీ బృందంలో ఇంత వేడి పుట్టించడానికి మనం తెలుగువాళ్ళం కావడం కూడా కారణం అయ్యుంటుంది. ఇంటి గుట్టు బయట పెట్టకూడదన్న మాట వింటూ పెరగని తెలుగు ఆడపిల్ల అరుదు. తండ్రి నిర్ణయించడం, తల్లి తల వంచుకోవడం, పిల్ల మింగేయడం మనకి కొత్త దృశ్యం కాదు. అలాగని రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. మన ఇళ్ళలో నోరు మూయించేది పరువు, రేపు పెళ్ళి కాదేమోనన్న భయం. కేట్ ఇంట్లో దాని పక్కన దైవభయం, బయటి లోకం మీద అపనమ్మకం ఉన్నాయి. మీరు మళ్ళీ కలిసినప్పుడు ఇక్కడ్నించి మాట మొదలుపెట్టండి. ఎవరి అనుభవాలూ చెప్పమని బలవంతం చేయొద్దు, చెప్పాలనుకున్నవాళ్ళు వాళ్ళే చెప్తారు.

ఇక రెండో కథ. అంకెలు చెక్కే హంతకుడు, శవపరీక్షలు, మంచులో వేట. "మామూలు సీరియల్ కిల్లర్ కథ" అన్నావిడతో నేను ఏకీభవిస్తాను. ఆ హంతకుణ్ణి తీసుకెళ్ళి వేరే రాష్ట్రంలో పెట్టినా పెద్దగా ఏమీ మారదు. కేట్‌కి సాయంగా వచ్చే టొమాసెట్టి కూడా మనం చాలాసార్లు చూసిన మనిషే. కుటుంబాన్ని పోగొట్టుకుని, మందులో మునిగి, ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలియని పరిశోధకుడు. అతని దుఃఖం నిజంగా ఉన్నా అతని తీరులో కొత్తదనం లేదు.

హింస సంగతి కొస్తే, చదవలేక మూసేసిన ఆవిడ సున్నితత్వాన్ని ఎవరూ తేలిక చేయొద్దు. ఆడపిల్లల శరీరాల మీద జరిగిన దారుణాన్ని అంత వివరంగా, అన్నిసార్లు వర్ణించక్కర్లేదని నా అభిప్రాయం. భయం కలగడానికి మొదటి శవం చాలు. ఆ తర్వాతి వర్ణనలు కేట్ కథకి కొత్తగా ఏమీ కలపవు. పైగా, ఆడపిల్ల మీద జరిగిన హింసని ఏళ్ళ తరబడి మోస్తున్న మనిషి గురించి రాస్తూ, అదే హింసని ఉత్కంఠ కోసం వాడుకోవడం నాకు కష్టంగా అనిపిస్తుంది. థ్రిల్లర్లు ఇష్టపడేవాళ్ళు దీన్ని ఒప్పుకోరు, తెలుసు.

నేరం దాచిన పోలీసు చీఫ్‌ని మెచ్చుకోవాలా? మెచ్చుకోనక్కర్లేదు. పద్నాలుగేళ్ళప్పుడు దాచింది ఆమె కాదు, పెద్దవాళ్ళు. ఆ వయసు పిల్ల చేతిలో ఏముంటుంది? కానీ హత్యలు మళ్ళీ మొదలయ్యాక, తనకి తెలిసింది చెప్పకుండా దర్యాప్తు నడపడం ఆమె సొంత నిర్ణయం. ఆ దాపరికం వల్ల ఇంకో ఆడపిల్ల ప్రాణం పోతుందేమో అన్న ప్రశ్న ప్రతి పేజీలో వెంటాడుతుంది. నేనైతే అక్కడ ఆమెని తప్పుపడతాను. తప్పుపడుతూనే ఆమె వెంట చివరిదాకా వెళ్ళాను. మీ స్నేహితురాలి కోపం నవలని సరిగ్గా చదవడం వల్ల వచ్చిందే, కాబట్టి ఆవిణ్ణి ఒప్పించాలని చూడకండి.

ఇంకో విషయం. కాస్టిలో ఆమిష్ కాదు, ఒహాయోలో పుట్టిన బయటి మనిషి. ఆ మాటకొస్తే ఆమిష్ వాళ్ళ గురించి వచ్చే నవలలు, ప్రేమకథలతో సహా, చాలావరకు బయటివాళ్ళు బయటివాళ్ళ కోసం రాసినవే. బయటివాళ్ళు రాయకూడదని నేననను. కేట్ తన ఇంటి భాష, ఆ జర్మన్ మాండలికం, మాట్లాడితే మూసిన తలుపు కాస్త తెరుచుకోవడం, అదే క్షణంలో "నువ్వు వదిలి వెళ్ళినదానివి" అన్న చూపు ఎదురవడం లాంటి చోట్ల కాస్టిలో శ్రద్ధగా రాశారు. కానీ ఆమిష్ వాళ్ళ గొంతు కూడా మీ బృందం వినాలి. హోమ్స్ కౌంటీ పక్కనే షుగర్‌క్రీక్‌లో 'ద బడ్జెట్' అనే వారపత్రిక 1890 నుంచి వస్తోంది. ఊరూరి ఆమిష్ వాళ్ళు, వాళ్ళకి దగ్గరి క్రైస్తవ శాఖ అయిన మెన్నొనైట్ వాళ్ళు ఇంగ్లిష్‌లో ఉత్తరాలు రాస్తారు. ఆదివారం ప్రార్థన ఎవరింట్లో జరిగింది, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు నిచ్చెన మీంచి పడ్డారు, వాన ఎంత కురిసింది, ఇలాంటివి. ఈసారి చీజ్ కొనడానికి వెళ్ళినప్పుడు ఒక సంచిక తెచ్చుకుని, నవల పక్కన పెట్టుకుని చదవండి. నవలలో ఎప్పుడూ కనబడని మామూలు రోజులు అందులో ఉంటాయి.

వెళ్ళినప్పుడు జ్ఞాపకం పెట్టుకోండి: పెయింటర్స్ మిల్ కోసం వెతకొద్దు, దుకాణంలో కూర్చున్న అమ్మాయిని హత్యల గురించీ వెలి గురించీ అడగొద్దు, మనుషుల ముఖాలు ఫొటో తీయొద్దు. ఫొటోకి నిలబడటం అహంకారమనీ, విగ్రహాలు చేయకూడదన్న బైబిలు ఆజ్ఞకి విరుద్ధమనీ వాళ్ళు అనుకుంటారు. ఆదివారం వెళ్తే దుకాణాలు మూసే ఉంటాయి.

ఆ అక్కకి మీరే ఫోన్ చేయండి, వాట్సాప్ మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. పుస్తకం మంచిదని వాదించకుండా, నికెల్ మైన్స్ గురించి వచ్చేసారి ఆవిణ్ణే మాట్లాడమనండి. దాని మీద ముగ్గురు ప్రొఫెసర్లు కలిసి రాసిన 'ఆమిష్ గ్రేస్' అనే పుస్తకం 2007లో వచ్చింది. కల్పన కాదు. ఆ క్షమ ఎక్కడ్నించి వచ్చిందో, దానికి వాళ్ళు ఎంత బాధ పడ్డారో నిదానంగా చెప్తుంది. ఆవిడకి అది నచ్చుతుందనుకుంటాను. మిస్టరీయే కావాలని మిగతావాళ్ళు పట్టుబడితే, పి.ఎల్. గాస్ 1999లో రాసిన 'బ్లడ్ ఆఫ్ ద ప్రాడిగల్' చూడండి. సంఘం వెలివేసిన ఒకడు తాత దగ్గరున్న తన పిల్లవాణ్ణి తీసుకుపోతాడు. ఆ తాత ఆమిష్ బిషప్. పోలీసుల దగ్గరికి వెళ్ళకుండా, బయటివాళ్ళయిన ఒక పాస్టర్‌నీ ఒక ప్రొఫెసర్‌నీ సాయం అడుగుతాడు. జరిగేది మీ హోమ్స్ కౌంటీలోనే. అందులోనూ చావు ఉంది గానీ దాన్ని కళ్ళకి కట్టించాలన్న ఆత్రం లేదు. అక్కడ ఆమిష్ జీవితం తీసేస్తే కథే ఉండదు.

మీ అమ్మాయికి ఇప్పుడే ఇవ్వొద్దు. కారణం కూడా దాచకండి. "అది పెద్దవాళ్ళ పుస్తకం" అని తోసేస్తే స్నేహితురాలి దగ్గర తెచ్చుకుని ఒంటరిగా చదువుతుంది. అందులో నీ వయసు అమ్మాయి మీద అత్యాచారం జరుగుతుంది, ఆడపిల్లల్ని చంపడం చాలా వివరంగా ఉంటుంది, ఇంకో రెండు మూడేళ్ళు ఆగితే మనిద్దరం కలిసి చదువుదాం అని నేరుగా చెప్పండి. పద్నాలుగేళ్ళ పిల్లకి ఆ మాట అర్థమవుతుంది.

ఆమిష్ వాళ్ళ గురించి తనకి ఆసక్తి ఉంటే 1972 నాటి అమెరికా సుప్రీంకోర్టు కేసు చెప్పండి. విస్కాన్సిన్‌లో ముగ్గురు తండ్రులు ఎనిమిదో తరగతి అయ్యాక పిల్లల్ని బడికి పంపేది లేదన్నారు. ఒక్కొక్కరికి అయిదు డాలర్ల జరిమానా పడింది. ఆ పిల్లల వయసు పద్నాలుగు, పదిహేను. మత స్వేచ్ఛ కింద కోర్టు తల్లిదండ్రుల వైపు తీర్పు చెప్పింది. డగ్లస్ అనే న్యాయమూర్తి మాత్రం, ఇందులో పిల్లల అభిప్రాయం కూడా వినాలి కదా, ఆ పిల్ల పియానో వాయించాలనుకుంటుందో, వ్యోమగామి కావాలనుకుంటుందో అని విడిగా రాశారు. మీ అమ్మాయి ఎవరి వైపు మాట్లాడుతుందో అడగండి.